అన్నయ్య భయాల మీద నడిచే బండి

జూన్ 2

అన్నయ్యా,

ముందు కూర్చో. కూర్చున్నావా? పక్కన మంచినీళ్ళు పెట్టుకున్నావా? సరే, విను. నేను మళ్ళీ వ్యాపారం మొదలుపెట్టాను.

అదిగో, అప్పుడే కళ్ళజోడు తీసి నుదురు రుద్దుకుంటున్నావు. ఇక్కణ్ణుంచే కనిపిస్తోంది నాకు. వదినా, కాస్త ఆయన పక్కన నిలబడు.

ఇళ్ళు మార్చే పని అన్నయ్యా. ఒకరి సామానంతా కట్టి, మోసి, కొత్తింట్లో విప్పి, సర్ది, ఆఖరికి చీపురు కూడా తలుపు వెనక నిలబెట్టి రావడం. ఎవరో వాడి వదిలేసిన వ్యాను ఒకటి కొన్నాను. దాన్ని నడిపే పెద్దాయన్ని మేం హారన్ మామయ్య అంటాం. ఆయన నోరు విప్పడు, ఏం చెప్పాలన్నా హారన్ కొడతాడు. "టీ తాగుదామా" అనడానికి ఒక రకం, "ఆలస్యమైపోతోంది" అనడానికి ఇంకో రకం. సామాను కట్టేది ముడి పిన్ని. ఆవిడ వేసిన ముడి ఆవిడే విప్పలేదు.

నువ్వేమనుకుంటున్నావో నాకు తెలుసు. కొవ్వొత్తులు, కుట్టు క్లాసులు, ఊరివాళ్ళ కుక్కల్ని షికారు తిప్పే పని... ఆరంభశూరత్వమని నువ్వు అనకముందే నేనే అనేసుకుంటున్నా. కానీ ఇది వేరు. పొద్దున్న ఒక ఇల్లు, సాయంత్రానికి అయిపోతుంది, రేపు ఇంకో ఇల్లు. నాకు విసుగు పుట్టేలోపే పని పూర్తయిపోతుంది! నాలాంటిదానికి ఇంతకంటే ఏం కావాలి?

ఇంకో సంగతి. కొత్తలో ఒకళ్ళ ఇంటి తాళాలు వాళ్ళ పెట్టెల్లోనే దేంట్లోనో వేసి ముడి పిన్ని చేత కట్టించేశాను. పాపం, ఇంటిల్లిపాదీ చీకటి పడేదాకా మెట్ల మీదే. మర్నాడే మనసు డాక్టరమ్మ దగ్గరికెళ్ళాను. చిన్నప్పటి సంగతులన్నీ కూపీ లాగి, ఏడీహెచ్‌డీ అంది. కుదురు లేకపోవడం నా పొగరు కాదట, నా మెదడు తయారీయే అంతట. ఏడుపొచ్చింది అన్నయ్యా. ఇన్నేళ్ళూ నేనే చేతకానిదాన్ననుకున్నాను. "మీలాంటివాళ్ళు వ్యాపారాల్లోకి దూకడం చాలామందిని చూశాను. మీకు దూకడం వచ్చు. కింద ఏముందో చూసే మనిషి ఒకరు ఉండాలి" అంది. మాత్ర రాసింది. వేసుకుంటున్నాను.

ఇక ఒప్పందం. ఈ ఏడాది చివరికి ఇది నిలబడకపోతే, మీ ఆఫీసులో నా కోసం ఎప్పట్నుంచో ఖాళీగా ఉంచావే, ఆ కుర్చీలో వచ్చి కూర్చుంటాను. ఒట్టు. ఇంకెప్పుడూ వ్యాపారం ఊసెత్తను.

ఫోన్ మాత్రం చెయ్యకు. నువ్వు "అది కాదే" అంటావు, నేను "ఉండన్నయ్యా" అంటాను, రెండు నిమిషాల్లో ఎవరో ఒకరు పెట్టేస్తాం. ఉత్తరమైతే చివరిదాకా వినాల్సిందే.

నీ తూనీగ


జూన్ 11

తూనీగకు అన్నయ్య ఆశీస్సులు.

నీ ఉత్తరం కూర్చునే చదివాను. మధ్యలో లేచి గొళ్ళెం వేశానో లేదో చూసి వచ్చాను. మీ వదిన "వేసే ఉంది, ఇందాకా వేసే ఉంది" అంది. ఊరికే నా పేరు గొళ్ళెం అన్నయ్య అని పెట్టావా నువ్వు.

నీకు తెలుసుగా, బీమా ఆఫీసులో నష్టపరిహారాల బల్ల నాది. ఆ బల్ల దగ్గరికి సంతోషంగా ఉన్నవాడెవడూ రాడు. పగిలినవీ కాలినవీ తడిసినవీ తప్ప వేరే లోకం నాకు తెలియదు. అందుకని అడుగుతున్నాను, కోప్పడకు.

ఫ్రిజ్‌ని పడుకోబెట్టి మోస్తే, నిలబెట్టిన వెంటనే స్విచ్ వెయ్యకూడదు, కొన్ని గంటలు ఆగాలి. ఆ సంగతి వాళ్ళకి ఎవరు చెప్తారు? మంచం విప్పిన మరలు ఎక్కడ పెడతారు? జేబులో అని మాత్రం అనకు, నీ జేబు నాకు తెలుసు. ఇంట్లో ముసలావిడ ఉంటే ఆవిడ సాయంత్రం వేసుకోవాల్సిన మందులు ఏ పెట్టెలో ఉన్నాయి? అడుగున ఉన్న పెట్టెలోనే ఉంటాయి, రాసిస్తాను. చీకటి పడ్డాక కొత్తింట్లోకి అడుగుపెడితే బల్బు ఉండదు, సబ్బు ఉండదు, తువ్వాలు ఉండదు. పిల్లి ఉన్న ఇల్లయితే సొరుగులు మూసేముందు చూశారా? పిల్లులు సొరుగుల్లో పడుకుంటాయి! ఆ సొరుగు బల్లని బోర్లా తిప్పి మోస్తే?

అసలు ఆ మాత్ర గురించే నాకు ఎక్కువ దిగులుగా ఉంది. అది వేసుకుంటే మా తూనీగ ఎగరడం మానేస్తుందా? నీ కుదురులేనితనాన్ని తిట్టినవాణ్ణి నేనే, ఇప్పుడు అది పోతుందేమోనని భయపడుతున్నదీ నేనే.

అన్నయ్య

తూనీగా, నేను వదినని. ఈ ఉత్తరం మొదట ఇంకా పొడుగ్గా ఉండేది. భూకంపాల గురించి ఉన్న పేజీ నేనే తీసేశాను.


జూన్ 25

అన్నయ్యా,

రెక్కలు ఎక్కడికీ పోలేదు, బెంగపడకు. మాత్ర వేసుకుంటే ఎక్కడ వాలాలో తెలుస్తోంది, అంతే. ఇప్పుడు నా తాళాలు నా దగ్గరే ఉంటున్నాయి. మొన్న ఒక రశీదు పుస్తకం మొదటి నుంచి చివరిదాకా రాసి, ముడి పిన్నికి చూపించాను. ఆవిడ దిష్టి తగులుతుందంది.

పని బాగా దొరుకుతోంది. ఒక సంగీతం టీచరుగారి ఇల్లు మార్చాం. ఆవిడ వాయిద్యాలన్నీ దుప్పట్లలో చుట్టించి, ఆ పక్కనే కూర్చుని వ్యానులో వచ్చింది. బండి కదిలిన దగ్గర్నుంచీ మామయ్య హారన్ ఏ శ్రుతిలో ఉందో చెప్తూనే ఉంది. ఆయన సిగ్గుపడి మిగతా దారంతా హారన్ కొట్టలేదు. రెండుసార్లు నోరు తెరిచి "జరగండి" అన్నాడు! ఆ గొంతు నేను వినడం అదే మొదలు.

నీ ఉత్తరం టీ వేళప్పుడు ఇద్దరికీ గట్టిగా చదివి వినిపించాను. పిల్లి సొరుగులో పడుకునే చోటికి వచ్చేసరికి ముడి పిన్ని కడుపు పట్టుకుని పెట్టె మీద కూలబడింది. పగలబడి నవ్వాం అన్నయ్యా! ఆ తర్వాత ఏం చేశామంటే, ఉండు, హారన్ వినిపిస్తోంది, బండి వచ్చింది


జూలై 4

తూనీగకు ఆశీస్సులు.

ఉత్తరం అందింది. చాలా సంతోషం. ఇక్కడ అందరం కులాసా. వాతావరణం బాగుంది.

నీ వ్యాపారం చక్కగా సాగుతుంది. అన్నీ వాటంతటవే సర్దుకుంటాయి. దిగులు పడాల్సిందేమీ లేదు.

అన్నయ్య


జూలై 13

అన్నయ్యా,

నీకు ఒంట్లో బాగుందా? నిజం చెప్పు.

"అన్నీ వాటంతటవే సర్దుకుంటాయి" అని రాసింది నువ్వేనా? ఎవడో నీ కలం, నీ కాగితం, నీ చేతిరాత ఎత్తుకుపోయి రాశాడనిపించింది. వెనకవైపైనా ఒక భయం రాశావేమోనని తిప్పి చూశాను. తెల్లగా ఉంది. వదిన కూడా ఒక్క ముక్క రాయలేదు. ఏమైంది మీకు?

ఆలోచించగా ఆలోచించగా నాకు అర్థమైంది. చిన్నప్పుడు నాకు లెక్కలు చెప్పినన్నాళ్ళూ తిట్టావు. ఒకరోజు తిట్టడం మానేసి "పర్లేదులే" అన్నావు. ఇక నాకు లెక్కలు రావని నువ్వు తేల్చుకున్నది ఆ రోజే. ఇప్పుడూ అంతే. నా గురించి భయపడడం మానేశావంటే నా మీద ఆశ వదులుకున్నావన్నమాట. పోయిన ఉత్తరంలో అంతా విడమరిచి రాశాను. దానికి నీ దగ్గర్నుంచి ఒక్క మాట లేదు. కుర్చీ దులిపి పెట్టేశావా? పెట్టు. కానీ తొందరపడకు.

ఎందుకంటే పెద్ద పని ఒకటి వచ్చింది! ఒక కంపెనీ తన ఉద్యోగులందర్నీ పాత క్వార్టర్ల నుంచి కొత్త భవనానికి మారుస్తోంది. పరీక్ష కోసం ముందుగా రెండు కుటుంబాలు, ఒకే రోజు, ఆగస్టు ఒకటిన. అది బాగా చేస్తే మిగతా ఇళ్ళన్నీ మాకే. చెయ్యలేకపోతే ఈ వ్యాను ఖర్చులకి నేను తట్టుకోలేను, కుర్చీయే గతి. ఒకరు కంపెనీలో లెక్కలు చూసే పెద్దాయన, ఒంటరివాడు, రుమాలు కూడా ఇస్త్రీ చేసుకుంటాడు. రెండోది ముగ్గురు పిల్లల తల్లి. పిల్లలా అవి! ఒకడు నా వ్యాను చక్రాల మధ్యకి దూరాడు.

అదృష్టం చూడు, తూర్పు బ్లాకులో ఆయనదీ మూడు వందల ఏడే, పడమర బ్లాకులో ఆవిడదీ మూడు వందల ఏడే. గుర్తుపెట్టుకోవడం ఎంత తేలికో!

కోపంతోనే, తూనీగ


జూలై 21

తూనీగకు ఆశీస్సులు.

నేను బాగానే ఉన్నాను. ఆశ వదులుకోవడమేమిటి, పిచ్చిదానా? ఇక విడమరచడానికేముంది, మీరంతా నవ్వారని రాశావుగా. నవ్వండి, నేనేం అనుకోలేదు. నిజమే మరి, సొరుగులో పిల్లి అంటే ఎవరైనా నవ్వుతారు.

నిన్ను చూసి నేను కూడా మనసు డాక్టరు దగ్గరికి వెళ్ళాను. చిన్నదానివి నువ్వే ధైర్యంగా వెళ్ళావు, నాకేమని. ఆఫీసులో మాత్రం పళ్ళ డాక్టరు దగ్గరికని చెప్పాను. అదొక తలనొప్పి అయింది. వెళ్ళొచ్చిన ప్రతిసారీ మా పక్క బల్ల గుమాస్తా "ఏదీ, ఏ పన్ను?" అంటాడు. ఇప్పటికి నాలుగు పళ్ళు చూపించాను. ఇంకో నెల పోతే చూపించడానికి పళ్ళుండవు.

నాది ఆందోళన జబ్బట. తాడు చూసి పామనుకోవడమే కాదు, తాడు లేని చోట కూడా పామును చూస్తానట. సాయంత్రం ఒక అరగంట కేటాయించి, వచ్చిన భయాలన్నీ కాగితం మీద పెట్టి, చింపి పారెయ్యమన్నాడు. మిగతా వేళ భయం వస్తే "నీ టైము సాయంత్రం, అప్పుడు రా" అనాలట. చేస్తున్నాను. గొళ్ళెం దగ్గరికి వెళ్ళడం కాస్త తగ్గింది. మీ వదిన లేచి చూస్తోంది ఇప్పుడు, నేను చూడలేదేమోనని.

నీ పెద్ద పని సంగతి చదివాను. ఒక చిన్న మాట అడగాలనిపించింది. కానీ అడగను. నా భయాలతో నీ కాళ్ళకి అడ్డం పడనని నాకు నేను మాటిచ్చుకున్నాను. అంతా దివ్యంగా జరుగుతుంది. శుభం.

అన్నయ్య


ఆగస్టు 3

అన్నయ్యా,

దివ్యంగానే జరిగింది. గాజు గ్లాసు ఒక్కటి పగల్లేదు. గోడకి గీత పడలేదు. మరలు సంచిలో కట్టి మంచం కాలికే వేలాడదీశాం. మందుల పెట్టె అన్నిటికంటే పైన. సొరుగులన్నీ తీసి చూశాకే మోశాం. పుస్తకాలు ఏ వరసలో ఉన్నాయో అదే వరసలో పెట్టాం. ముడి పిన్ని పిల్లల మంచం బిగించి, దిండ్లు వేసి, వాళ్ళ బొమ్మల్ని వరసగా కూర్చోబెట్టింది. అంతా ఎంత ముద్దుగా ఉందంటే, నేను తలుపు దగ్గర నిలబడి కాసేపు మురిసిపోయాను.

అన్నీ వేరేవాళ్ళింట్లో సర్దాం.

నవ్వకు. నవ్వు, పర్లేదు. మామయ్య బ్లాకుల దగ్గరికొచ్చి ఎటు అన్నట్టు హారన్ కొట్టాడు. నేను గట్టిగా "మూడు వందల ఏడు!" అన్నాను. లెక్కల పెద్దాయన సామానున్న బండిని పడమరకి తిప్పాడు, రెండోసారి పిల్లల సామాను తూర్పుకి వెళ్ళింది. పోనీ కాపలావాళ్ళు ఆపారా అంటే, రెండు చోట్లా అదే నంబరు, రెండు చోట్లా తలుపు తీశారు. సాయంత్రం కంపెనీ బస్సు దిగి లెక్కల పెద్దాయన తన తలుపు తీశాడు. ఎదురుగా మూడంతస్తుల పిల్లల మంచం, గోడకి ఏనుగు గడియారం, హాల్లో మూడు చక్రాల సైకిలు. అటు ముగ్గురు పిల్లలు ఆయన ఇస్త్రీ రుమాళ్ళ బీరువాలో దాగుడుమూతలు మొదలుపెట్టేశారు.

అంత పొద్దుపోయాక తిరిగి మార్చడానికి కాపలావాళ్ళు లిఫ్టు వాడనివ్వలేదు. ఆయన ఆ రాత్రి పిల్లల మంచం కింది అంతస్తులో కాళ్ళు ముడుచుకుని పడుకున్నాడు. మర్నాడు పొద్దున్నే అంతా మళ్ళీ మోశాం. ఆయన ఒక్కో పెట్టె లెక్కపెట్టుకుంటూ నిలబడ్డాడు. తిట్టినా బాగుండేది. కంపెనీవాళ్ళు పదహారో తారీఖుకి చెప్తామన్నారు. ఏం చెప్తారో ముంజేతి కంకణానికి అద్దం అక్కర్లేదు కదా. బిల్లు మీద సంతకం పెట్టాల్సింది ఆ పెద్దాయనే!

ముడి పిన్ని ఆ రోజు నుంచి ఒకటే మాట, "మీ అన్నయ్య దగ్గర్నుంచి ఈసారి కాగితం రాలేదేం పాపా?" అని. నేనూ అదే అడుగుతున్నాను. నీ ఉత్తరంలో ఉన్న ఒక్కో భయాన్నీ ఒక్కో పద్ధతిగా మార్చుకున్నాం, నీకు రాశాను కదా? ఫ్రిజ్ మీద చీటీ, మరల సంచి, సబ్బూ తువ్వాలూ బల్బూ పెట్టే "ముందు విప్పే పెట్టె", అన్నీ నీవే కదా? డాక్టరమ్మ చెప్పిన ఆ కింద చూసే మనిషివి నువ్వే అనుకున్నాను. మరి సరిగ్గా ఇప్పుడే ఎందుకు చూడడం మానేశావు? ఆ అడగబోయి మానేసిన మాట ఏంటి? ఇదేనా?

ఇదే అయితే నీతో మాట్లాడను. కుర్చీ మాత్రం ఉంచు.

తూనీగ


ఆగస్టు 9

తూనీగా,

నీ జూన్ ఉత్తరం ఇందులోనే పెట్టి పంపుతున్నాను. చదువు. చదివావా? "బండి వచ్చింది" తర్వాత ఏముందో నాకూ చెప్పు. నేను కాగితం అటూ ఇటూ తిప్పాను. కవరు చింపి లోపల చూశాను. వేడి చేస్తే అక్షరాలు కనిపిస్తాయేమోనని మీ వదిన ఇస్త్రీ పెట్టె కూడా పెట్టింది!

నువ్వు రాశాననుకున్నది నీ తలలోనే ఉండిపోయింది తల్లీ. నీకేమో మనసులో అనుకున్న పని అయిపోయినట్టే. నాకేమో ఖాళీ కనిపిస్తే అందులో చెడ్డదే పోసి నింపుకోవడం అలవాటు. "పగలబడి నవ్వాం" దగ్గర నీ ఉత్తరం ఆగిపోయింది, నా ప్రాణమూ అక్కడే ఆగిపోయింది. అందరూ చూసి నవ్వే మనిషినయ్యానని నాకు చాలా బాధేసింది. నీకు బరువు కాకూడదనే నోరు కట్టేసుకున్నాను.

అవును, అదే మాట. నంబరు చదవగానే ఒళ్ళు జలదరించింది. లేచి గొళ్ళెం చూసొచ్చి మళ్ళీ చదివాను. సాయంత్రం అరగంటలో "రెండు బ్లాకులు, ఒకే నంబరు" అని పెద్ద అక్షరాలతో రాశాను. రాసి, చెప్పిన పద్ధతి ప్రకారం చింపి పారేశాను. ఎంత ధైర్యవంతుణ్ణయ్యానో అని ఆ రాత్రి మీ వదినకి గొప్పలు చెప్పుకున్నాను కూడా.

నిన్న డాక్టరుకి జరిగిందంతా చెప్పాను. ఆయన నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుని, "చింపమన్నది భూకంపాల్లాంటివి సార్. అడ్రసు ఉన్న భయాన్ని చింపకూడదు, ఆ అడ్రసుకి పోస్టు చెయ్యాలి" అన్నాడు. మీ వదిన ఆ ముక్క రాసి గొళ్ళెం పక్కన అతికించింది. ఇది నా జబ్బా, నా తెలివా అని అడిగాను. "రెండూ ఒకే వీధిలో ఉంటాయి సార్, నంబరు సరిచూసుకుని తలుపు కొట్టండి" అన్నాడు. నీ కథ విని ఆయనకీ హాస్యం అబ్బింది.

ఇక కుర్చీ. నువ్వు ఓడిపోయి వస్తావని దాన్ని నేనెప్పుడూ ఉంచలేదే. నా పక్క కుర్చీ ఖాళీగా ఉంటుంది. ఆ ఆఫీసులో పొద్దస్తమానం పగిలిపోయినవాళ్ళ మధ్య కూర్చుంటాను. నువ్వు పక్కన ఉంటే బాగుండునని ఉంచుకున్నాను. నీ మంచికని పైకి చెప్పాను, నిజానికి నా కోసమే. లెక్కలు ఆపేసింది కూడా నీకు రావని కాదు. ఆ రోజు నువ్వు ఏడ్చావు, నేను చూడలేకపోయాను.

ఆ కంపెనీ పెద్దాయనకి నువ్వే వెళ్ళి క్షమాపణ చెప్పు. ఉత్తరం రాయకు, దయచేసి. నువ్వు రాస్తే సగంలో ఆపేస్తావు.

అన్నయ్య

వదినని. ఆఫీసులో నిజం చెప్పేశారు, మనసు డాక్టరని. పక్క బల్ల గుమాస్తా చుట్టూ చూసి, "ఆయన అడ్రసు నాకూ ఇస్తారా" అని అడిగాడట.


ఆగస్టు 19

అన్నయ్యా,

నీ ఉత్తరం చదివి ముందు నవ్వాను, తర్వాత ముడి పిన్ని ఒళ్ళో తల పెట్టుకుని ఏడ్చాను. ఆవిడకి ఏం చెయ్యాలో తెలియక నా జడకి ఒక ముడి వేసింది. అది ఇంకా ఊడలేదు.

పదహారో తారీఖున నేనే వెళ్ళాను. లెక్కల పెద్దాయన బల్ల మీద మా చీటీలన్నీ పీకి వరసగా పెట్టుకుని ఉన్నాడు. "నాలుగు గంటలు ఆగాకే ఫ్రిజ్ స్విచ్ వెయ్యండి. అన్నయ్య మాట." "మందులు ఇక్కడ. అన్నయ్య మాట." "ముందు ఈ పెట్టె విప్పండి. అన్నయ్య మాట." మేం ప్రతి చీటీ మీదా అలాగే రాస్తాం అన్నయ్యా, పిన్ని పెట్టిన అలవాటు. ఆయన కళ్ళజోడులోంచి నన్ను చూసి, "నాది కాని సామానులో నాకు సబ్బు వెతక్కుండా దొరికింది. నా సొంతింట్లో ఎప్పుడూ దొరకలేదు. ఎవరమ్మా ఈ అన్నయ్య?" అన్నాడు.

చెప్పాను. నా కుదురులేనితనం, నీ గొళ్ళెం, సగం ఉత్తరం, అన్నీ దాచకుండా చెప్పాను.

"మరి ఆ రోజు ఈ అన్నయ్య ఏమయ్యాడు? సెలవా?" అన్నాడు.

"లేదు సార్. ఆ రోజు ఆయన ధైర్యంగా ఉన్నాడు" అన్నాను.

ఆయన నవ్వుతాడని ఆ ఆఫీసులో ఎవరికీ తెలియదట, బంట్రోతు తొంగి చూశాడు. మిగతా ఇళ్ళన్నీ మాకే ఇచ్చాడు అన్నయ్యా! ఒక్కటే షరతు, ఏ ఇల్లు కదిలించాలన్నా ముందు నీ భయాల కాగితం రావాలి. నీ పనికి జీతం కూడా బిల్లులో వెయ్యమన్నాడు. ఆ ముగ్గురు పిల్లల తల్లి కూడా మంచిమాటే చెప్పిందట. పిల్లలు మాత్రం రుమాళ్ళ బీరువా కావాలని ఏడుస్తున్నారు.

నీ ఉద్యోగం మానమనడం లేదు. సాయంత్రం నీ అరగంట నాకివ్వు, చాలు. అడ్రసు ఉన్నవన్నీ నాకు పంపు, భూకంపాలు నువ్వే చింపుకో. నీ సెలవులకి వదినని తీసుకుని రా. వ్యాను నిలిపే మా షెడ్డులో నా పక్కనే నీకొక కుర్చీ వేశాను, దులిపి ఉంచాను. నువ్వు ఉంచావు కదా ఇన్నేళ్ళూ, ఇప్పుడు నా వంతు.

ఉండు, హారన్ వినిపిస్తోంది, బండి వచ్చింది.

వచ్చాను. చూశావా, తిరిగి వచ్చి కూర్చున్నాను! మామయ్య ఇంకా హారన్ కొడుతూనే ఉన్నాడు, కొట్టనీ. ఆ జూన్ ఉత్తరం పూర్తి చేసిగానీ లేవను.

పగలబడి నవ్వాం అన్నయ్యా! ఆ తర్వాత ఏం చేశామంటే, ముడి పిన్ని కళ్ళు తుడుచుకుని వెళ్ళి, అప్పుడే కట్టిన బల్ల ముడి కోసేసి, సొరుగు లాగి చూసింది. లోపల పిల్లి పడుకుని ఉంది. మేమెవరం మళ్ళీ నవ్వలేదు. పిన్ని దాన్ని ఎత్తుకుని, "ఎక్కడో కూర్చున్న మనిషికి ఇది కనిపించిందే!" అంది. నేను నీ ఉత్తరం మడిచి జేబులో పెట్టుకున్నాను. నువ్వు నమ్మని ఆ జేబులోనే. ఇప్పటికీ అక్కడే ఉంది.

నీ తూనీగ

మరిచిపోయాను, ఆ కుర్చీకి ఒక కాలు కొంచెం ఊగుతోంది. కావాలనే బిగించలేదు. వచ్చి కనిపెట్టు.